సమన్లు తీసుకోకపోతే కేసు ఆగదు

కోర్టు మనిషి సమన్లు పట్టుకుని గుమ్మంలోకి వస్తే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట, ‘ఆయన ఊళ్లో లేరండీ’. ఆయన లోపలి గదిలో చప్పుడు చేయకుండా కూర్చుని ఉంటాడు. కాగితం చేతిలో పడనంత కాలం కేసు కదలదని ధీమా. ఈ ధీమా ఎవరు పుట్టించారో కానీ, చివరికి ముంచేది ప్రతివాది కొంపనే.

సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే దీనికి విరుగుడు ఉంది. తీసుకోనంటే సమన్ల ప్రతిని తలుపుకు అంటించి వెళ్తారు. కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడని తోస్తే కోర్టు పత్రికలో ప్రకటన వేయిస్తుంది. వాయిదాకు అప్పటికీ రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతను లేకుండానే విచారణ. ఇక వాది చెప్పిందే విని డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, ఇచ్చేయవచ్చు.

బాకీ తీర్చేసి, ప్రోనోటు వెనక్కి తీసుకోవడం మరిచిపోయిన మనిషినే తీసుకోండి. చెల్లించిన రసీదు బీరువాలో పాత కాగితాల మధ్య భద్రంగా ఉంది. దావా వీగిపోవడానికి ఆ ఒక్క ముక్క చాలు. కానీ సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావాతో (ప్రతివాది రాసిచ్చే జవాబుతో) పాటు అది కోర్టుకు చేరాలి. సరైన కారణం చెబితే 90 రోజుల దాకా గడువు ఇస్తారు. మనవాడు తలుపు వేసుకుని కూర్చున్నాడు. రసీదు బయటికి తీసింది జప్తుకు వచ్చిన కోర్టు ఉద్యోగి అమీనా ముందు! అమీనా మాత్రం ఏం చేస్తాడు? ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని అడగడానికి ఉన్నది డిక్రీ తేదీ నుంచి 30 రోజులే. సమన్లు సక్రమంగా అందలేదని రుజువైతేనే ఆ లెక్క డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. దాక్కున్నవాడికి ఆ వెసులుబాటు దొరకడం కష్టం. డిక్రీని అమలు చేయించుకోవడానికి వాదికి మాత్రం 12 ఏళ్లు టైముంది.

జవాబు వేసినా, ‘దావాలోవన్నీ అబద్ధాలు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు. ఏ మాట ఎందుకు కాదో విడివిడిగా చెప్పాలి. కాదనకుండా వదిలేసింది ఒప్పుకున్నట్టే లెక్క.

వాదికీ చిక్కులు ఉన్నాయి. ప్రోనోటు బాకీకి మూడేళ్లలోపు దావా వేయాలి. మొహమాటానికి పోయి ఆ గడువు దాటించుకుంటే నోటు చిత్తుకాగితమే. పాతకాలం వాళ్లు మూడేళ్లు నిండకముందే ఎంతో కొంత జమ కట్టించుకుని, బాకీదారు సంతకంతో నోటు వెనక చెల్లు రాయించేవాళ్లు. ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం పేరు వినకపోయినా దాని కిటుకు వాళ్లకు తెలుసు.

గడువులు మరింత బిగించాలని మేం అడగడం లేదు. మామూలు దావాల్లో 90 రోజులు దాటినా, అసాధారణ పరిస్థితి ఉంటే జవాబును అనుమతించవచ్చని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. వాణిజ్య దావాల్లో అయితే 120 రోజుల తర్వాత తలుపులు మూసుకున్నట్టే. మా బాధల్లా, ఈ మినహాయింపును గట్టి లాయరున్న ప్రతివాది సాగదీతకు వాడుకుంటాడు, నిజంగా అవసరమైనవాడికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. మొదటివాడికి ఖర్చులు గట్టిగా వడ్డించాలి. రెండోవాడికి ముందే చెప్పాలి.

ఎలా అంటే, సమన్లకు తేట తెలుగులో ఒక పేజీ జత చేయాలి. ఏ తేదీలోగా జవాబు వేయాలి, ఏ కాగితాలు వెంట తెచ్చుకోవాలి, రాకపోతే ఏమవుతుంది అన్నవి అందులో ఉండాలి. కింద న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. ఈ సంగతి తెలిస్తే తలుపు తీసేవాళ్లు కొందరైనా ఉంటారు. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. నియమాలు చేసుకునే అధికారాన్ని హైకోర్టులకు సివిల్ ప్రొసీజర్ కోడే ఇచ్చింది. సమన్లు, దావా నకళ్ల బొత్తికి మరో కాగితం తోడవుతుంది, అంతే.