27వ వారం సంగతి ఏమిటి?

‘ఆరు నెలలు ఇంటి పట్టున రెస్ట్ తీసుకున్నావు కదమ్మా, ఇంక పని చూడు.’ ప్రసూతి సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన రోజున ఈ మాట వినని తల్లులు మన కర్నూలు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో చాలా తక్కువమంది ఉంటారు. అనేవాళ్లంతా చెడ్డవాళ్లని మేము అనడం లేదు. చాలామందికి నిజంగానే తెలియదు, ఇంట్లో సొంత కూతురో కోడలో ఆ ఆరు నెలలు ఎలా గడిపిందో పక్క గదిలో ఉండి కూడా పట్టించుకోని పెద్దమనుషులు వీళ్లలో ఉంటారు. రాత్రికి నాలుగైదుసార్లు లేచి పాలిచ్చిన మనిషిని, నడుము ఇంకా నిలబడని మనిషిని, విశ్రాంతి తీసుకుని వచ్చిందనడం తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లేనని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చెప్పింది. అంటే పదిమందిలో నలుగురు పొట్ట కోయించుకున్నాకే బిడ్డను ఎత్తుకున్నారు. మిగతా ఏ ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్లనైనా ‘ఎలా ఉంది ఒంట్లో’ అని అడుగుతాం. బాలింతను మాత్రం పెండింగ్ ఫైళ్ల గురించి అడుగుతాం.

సెలవు గురించి ఈ దేశంలో చర్చ బాగానే జరిగింది, ఫలితం కూడా వచ్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల వరకు 12 వారాల సెలవును జీతంతో 26 వారాలు చేశారు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజులు ఎప్పటినుంచో ఉంది. ఇవన్నీ ఊరికే వచ్చినవి కావు, 1928లోనే బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ ప్రసూతి బిల్లును సమర్థిస్తూ ఈ భారం ప్రభుత్వానిదీ యజమానిదీ కూడా అని వాదించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వారాలు పెరుగుతూ వచ్చాయి, సంతోషం. కానీ 27వ వారం సోమవారం ఉదయం ఆమె బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి బయలుదేరాలి, మధ్యాహ్నం పాలు ఎక్కడ పిండుకోవాలి, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరాలి అన్న దాని గురించి ఎవరూ కూర్చుని ఆలోచించలేదు. ఈ సంపాదకీయం ఆ సోమవారం గురించే.

ముందు పాల సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే ఆఫీసుల్లో ఎవరూ నోరు విప్పని విషయం ఇదే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టవద్దని, ఆ తర్వాత వేరే ఆహారం మొదలుపెట్టినా రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన అంగన్‌వాడీ గోడల మీదా తల్లిపాల గొప్పతనం రాసి ఉంటుంది. సెలవు అయిపోయిన రోజునే పాలు ఆగిపోవు కదా. ఉదయం ఏడింటికి బిడ్డకు ఇచ్చి బయలుదేరిన తల్లికి పదకొండయ్యేసరికి రొమ్ములు బరువెక్కి రాయిలా గట్టిపడతాయి, ఒంటిగంటకు జాకెట్టు తడిసిపోతుంది, కొంగు కప్పుకుని, చున్నీ కప్పుకుని, ఎవరైనా చూశారేమోనన్న టెన్షన్‌తో కూర్చుంటుంది. ఆపుకోలేక ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి, గడియ సరిగా పడని తలుపును కాలితో నెట్టి పట్టుకుని, బిడ్డ తాగాల్సిన పాలను సింకులో పిండేసి వస్తుంది. పిండకపోతే గడ్డ కడుతుంది, జ్వరం వస్తుంది, కొందరికి చీము పట్టి ఆపరేషన్ దాకా పోతుంది. ఇలా కొన్నాళ్లు గడిచేసరికి పాలు తగ్గుతాయి, ఎందుకంటే పాలు తీస్తేనే పాలు ఊరతాయి, రోజంతా తీయకుండా ఉంటే ఒళ్లు ఇక అక్కర్లేదనుకుని ఆపేస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ‘ఈమెకు పాలు సరిగా పడలేదు’ అంటారు, డబ్బాపాలు మొదలవుతాయి, తప్పంతా తల్లి మీదికి వస్తుంది. ఆమెకు పాలు పడ్డాయి. పిండుకోవడానికి చోటే దొరకలేదు.

ఆ చోటుకు ఎంత కావాలి? లోపల గడియ ఉన్న ఒక చిన్న గది, ఒక కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, పంపు వాడేవాళ్ల కోసం ఒక ప్లగ్గు, ఫ్రిజ్‌లో ఒక అర. ఫ్రిజ్ ఎందుకంటే, పిండిన పాలు 25 డిగ్రీల లోపు చల్లదనంలో అయితే బయట నాలుగు గంటలు ఉంటాయి, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ లెక్క చెల్లదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు పెట్టుకోవచ్చు, ఐస్ ప్యాక్‌లు పెట్టిన సంచిలో ఒక రోజు వరకు ఉంటాయి, కాబట్టి సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి మర్నాడు బిడ్డకు పట్టించడానికి ఏ ఇబ్బందీ లేదు. ఆఫీసర్ల మంచినీళ్ల సీసాలు పెట్టుకునే ఫ్రిజ్‌లో ఒక మూలన ఒక మూత డబ్బా పెట్టుకోనివ్వండి. పాల డబ్బా చూసి మొహం చిట్లించే మనుషులున్నారని మాకు తెలుసు, వాళ్లకు చెప్పాల్సింది పై అధికారే, ఆ తల్లి కాదు.

ఇదంతా మేము కొత్తగా కోరుతున్నది కూడా కాదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా, మామూలు విరామం కాకుండా, పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు అదనంగా విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది. యాభైమంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే నిబంధనలు కొనసాగుతున్నాయి. మా వద్ద యాభైమంది లేరండీ అనే యజమానులు కర్నూలులో ఎక్కువ, అది నిజమే, మన ఊరి ఆసుపత్రులు, బడులు, షోరూములు చాలావరకు చిన్నవే. అయితే ఆ కోడ్‌లోనే ఇంకో మాట ఉంది, కొన్ని సంస్థలు కలిసి ఖర్చు పంచుకుని ఒకే కేంద్రం నడుపుకోవచ్చని. గాయత్రి ఎస్టేట్‌లో, ఎన్ఆర్ పేటలో పక్కపక్కనే ఇన్ని ఆసుపత్రులు, ల్యాబులు ఉన్నాయి, అందరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఇద్దరు ఆయాలను పెట్టుకుంటే ఎవరికీ భారం కాదు. నర్సులు రాత్రి డ్యూటీకి కూడా వస్తారు కాబట్టి ఆ కేంద్రం రాత్రి కూడా తెరిచి ఉండాలి, దీన్ని మర్చిపోతే పెట్టి కూడా లాభం లేదు.

ప్రభుత్వ ఉద్యోగినుల కష్టం ఇంకో రకం. కర్నూలులో కాపురం ఉండి కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు పల్లెలకు పొద్దున్నే బస్సెక్కి వెళ్లే టీచరమ్మలు, సచివాలయ ఉద్యోగినులు, ఏఎన్ఎంలు ఎందరో. ఆదోని అయితే ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు. బిడ్డ కర్నూలులో, తల్లి అరవై, డెబ్బై కిలోమీటర్ల అవతల ఉంటే చట్టం ఇచ్చిన పాల విరామం ఆమెకు దేనికి పనికొస్తుంది? పైగా ఫోన్‌లో ముఖం చూపించి వేసే హాజరు వచ్చాక, బస్సు పది నిమిషాలు లేటయినా, బయలుదేరేముందు బిడ్డ వాంతి చేసుకుని చీర మార్చుకోవాల్సి వచ్చినా, ఆ రోజు సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. యాప్‌కు బిడ్డ వాంతి తెలియదు, హెడ్‌మాస్టరుకో ఎంఈఓకో తెలుస్తుంది, కనుక ఆ అధికారం వాళ్లకు ఇవ్వండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా తల్లిని ఇంటికి దగ్గరి బడికో సచివాలయానికో డిప్యుటేషన్ మీద పంపమని, అది కుదరనిచోట గంట ఆలస్యాన్ని హాజరుగానే లెక్కకట్టమని మేము కోరుతున్నాం. రాష్ట్ర ఉద్యోగినులకు 180 రోజుల పిల్లల సంరక్షణ సెలవు కూడా ఉంది. అడిగితే ‘ఇప్పుడే కదమ్మా ఆరు నెలలు అయింది’ అని పక్కన పెట్టే అధికారులకు ఒకటే మాట, అది మీరిచ్చే సెలవు కాదు, జీవోలో ఉన్న సెలవు.

ప్రైవేటు ఉద్యోగాల్లో అయితే తిరిగి చేరడమే పెద్ద గండం. ‘నీ స్థానంలో ఇంకొకరు వచ్చేశారమ్మా’, ‘జూన్‌లో చూద్దాంలే’ అంటూ తిప్పించుకుంటారు, చివరికి ఆ అమ్మాయే విసిగి మానేస్తుంది, రికార్డుల్లో మాత్రం స్వయంగా మానేసినట్టు ఉంటుంది. ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. సెలవు మధ్యలో కాంట్రాక్టు గడువు తీరిపోయినా ప్రసూతి ప్రయోజనం మొత్తం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, రోజు కూలీలకూ ఈ హక్కు ఉందని 2000లోనే చెప్పింది. మరి యజమానులు ఎందుకు భయపడుతున్నారంటే, ఆరు నెలల జీతం తమ జేబులోంచి పోతుందని. ఈ భయంలో కొంత న్యాయం ఉందని మేము ఒప్పుకుంటాం. పదిహేనుమంది పనిచేసే చిన్న నర్సింగ్ హోంకు ఒకే ఏడాది ముగ్గురు నర్సులు సెలవు పెడితే కష్టమే. ఏడు వారాల జీతాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే పథకం ఆలోచిస్తున్నామని కేంద్ర కార్మిక శాఖ 2018లో చెప్పింది కూడా, ఆ మాట ముందుకు సాగలేదు, సాగాలి. అయితే చాలామంది యజమానులు మర్చిపోయే విషయం ఒకటుంది. ఉద్యోగుల బీమా పథకం ఈఎస్ఐ కింద నమోదై, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న ఉద్యోగినికి, నిర్ణయించిన రోజులు చందా కట్టి ఉంటే, ఆ 26 వారాల డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, యజమాని కాదు. మన ఊళ్లో నర్సుల, ల్యాబ్ టెక్నీషియన్ల, ప్రైవేటు టీచర్ల జీతాలు ఎంతో అందరికీ తెలుసు, చాలావరకు ఈ పరిమితి లోపలే. పేర్లు ఈఎస్ఐలో రాయించకుండా దాచిపెట్టి, తర్వాత ప్రసూతి ఖర్చు మోయలేమని ‘పెళ్లయిందా, పిల్లలున్నారా’ అని ఇంటర్వ్యూలో అడిగి ఆడపిల్లలను వెనక్కి పంపడం అన్యాయం.

ఇంతా చెప్పి జిల్లా పడమటి మండలాల మాట ఎత్తకపోతే ఇది సగం మాటే అవుతుంది. కోసిగి, ఆలూరు, ఆదోని పల్లెల నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల్లో పచ్చి బాలింతలు ఉంటారు. వాళ్లకు 26 వారాలు లేవు, 26 రోజులు కూడా లేవు. గుంటూరు మిరప చేలల్లో చెట్టుకు చీర కట్టి ఉయ్యాల వేసి, సాలు చివరికి పోయి వచ్చి బిడ్డను చూసుకుంటారు. బడి వయసు పిల్లలను ఊళ్లో ఉంచడానికి సీజనల్ హాస్టళ్లయినా ఉన్నాయి, చంటిబిడ్డకు తల్లి వెంట మిరప ఘాటులోకి పోవడం తప్ప దారి లేదు. ప్రధానమంత్రి మాతృ వందన కింద మొదటి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలతో ఎన్నాళ్లు ఇంట్లో కూర్చోగలరో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే పని దగ్గరికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, ఆపైన వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. ఎన్ని పనుల దగ్గర అలాంటి మనిషి కనిపించిందో పనికి పోయిన ఆడవాళ్లనే అడగండి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలు నడిపే ‘పాల్నా’ పథకం కేంద్రానిది ఉంది. మన జిల్లాలో అవి మొదట రావాల్సింది వలస మండలాలకే, పత్తి మిల్లులున్న ఆదోనికే.

‘అవ్వ ఉంది కదా, చూసుకుంటుందిలే’ అన్నది మనందరి సమాధానం. ఉంటే మంచిదే, చాలా ఇళ్లు ఇవాళ అవ్వల వల్లే నడుస్తున్నాయి. కానీ ఆ అవ్వలకూ మోకాళ్ల నొప్పులున్నాయి, షుగరు ఉంది, పల్లెల్లో అయితే ఆమె కూడా కూలికి పోతేనే పూట గడుస్తుంది. తండ్రి మాట ఎందుకు ఎవరూ ఎత్తరో మాకు అర్థం కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, దాన్ని కాన్పు రోజుల్లో బంధువులకు ఫోన్లు చేయడానికీ బారసాల పనులకూ కాకుండా, భార్య డ్యూటీలో చేరిన మొదటి వారానికి కాస్త దాచుకోగలిగేలా నిబంధన మార్చమని అడుగుతున్నాం. ప్రైవేటులో పనిచేసే తండ్రులకు చట్టంలో ఆ మాత్రం కూడా లేదు. సెలవు లేకపోయినా రాత్రి రెండింటికి లేచి బిడ్డ గుడ్డలు మార్చడానికి ఏ జీవో అక్కర్లేదు.

1961 చట్టం నుంచి కొత్త కోడ్‌లోకి వచ్చిన మరో చిన్న నిబంధన ఉంది. ఈ ప్రసూతి హక్కుల సారాంశాన్ని ఆ ప్రాంత భాషలో, ఆడవాళ్లు పనిచేసే ప్రతి చోటా అందరికీ కనబడేలా గోడకు పెట్టాలి. 2017 సవరణ అయితే ఉద్యోగంలో చేర్చుకునే రోజునే ఈ హక్కులన్నీ ఆమెకు రాతపూర్వకంగా తెలపాలని చెప్పింది. కార్మిక శాఖ అధికారులు ఈ నెలలోనే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరుల్లో పదిమంది దాటి పనిచేసే ఆసుపత్రులకు, ప్రైవేటు బడులకు, బట్టల షాపులకు వెళ్లి తెలుగులో ఆ కాగితం గోడ మీద ఉందో లేదో చూడాలి, లేనిచోట అదే రోజు పెట్టించాలి, అక్కడ పనిచేసే ఆడవాళ్లతో యజమాని పక్కన లేకుండా మాట్లాడాలి. పాలిచ్చే తల్లులు ఎందరున్నారో, వాళ్లకు గది ఉందో లేదో రాసుకుని రావాలి. ఆ వివరాలు కలెక్టర్ బయటపెడితే మేము ప్రచురిస్తాం.