లాంగ్ టర్మ్‌కి లేని నామోషీ గ్యాప్ ఇయర్‌కి ఎందుకు?

విజయవాడలో మేనల్లుడికి నీట్ ర్యాంకు రాకపోతే ఏం చేస్తాం? లాంగ్ టర్మ్‌లో చేర్పిస్తాం. అప్పటికీ రాకపోతే ఇంకో ఏడాది. "పోన్లే, ఈసారి కొట్టేస్తాడు" అంటారే తప్ప చుట్టాలెవరూ మాట అనరు. అదే మనం డాలస్‌లో ఉండి, మన కూతురు "డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఆగి మెడిసిన్‌కి అప్లై చేస్తా నాన్నా" అంటే ఇల్లు పీకి పందిరేస్తాం. (ఇక్కడ మెడిసిన్ డిగ్రీ అయ్యాకే; మధ్యలో ఇలా ఆగడమే గ్యాప్ ఇయర్.) నలుగురికీ ఏం చెప్పాలట!

3.0, 3.1 జీపీఏతో (అంటే 4కి సగటు గ్రేడు) డిగ్రీ ముగిస్తున్న పిల్లల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నా. 3.9 వాళ్లు హాయిగా స్క్రోల్ చేసుకోండి.

భయం ఉండాల్సిందే. ఇక్కడ ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ) కాలేజీల్లో చేరేవాళ్ల సగటు జీపీఏ 3.8కి దగ్గర్లో ఉంటుంది. మెడిసిన్ ఎంట్రన్స్ అయిన ఎంక్యాట్ సగటు 528కి 511 పైనే. తేడా ఎక్కడొస్తోందంటే, ఆ భయానికి మనం వెతికే విరుగుడులో. జీపీఏ తగ్గిందనగానే మనవాళ్లు పరుగెత్తేది ఎంక్యాట్ కోచింగ్‌కి. మనది ఎంసెట్ తరం కదా, ఒక్క పరీక్షలో కొడితే పాత పాపాలన్నీ పోతాయని నరనరానా జీర్ణించుకుపోయింది. నీట్‌లోనూ అంతే, పోయినేడాది ర్యాంకు ఎవడూ అడగడు. అమెరికాలో అప్లికేషన్‌కి మతిమరుపు లేదు. హైస్కూల్లో ఉండగా సరదాగా కమ్యూనిటీ కాలేజీలో చేసిన క్లాసు గ్రేడు కూడా అందులో ఉంటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో 'సీ' వచ్చి, మళ్లీ చదివి 'ఏ' తెచ్చుకుంటే రెండూ లెక్కలోకి వస్తాయి. డీఓ (ఆస్టియోపతిక్, ఇదీ డాక్టర్ డిగ్రీయే) కాలేజీల వాళ్లు ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేవారు. 2017లో అదీ ఎత్తేశారు. పాత సీనియర్లు ఇంకా ఆ సలహా ఇస్తుంటే వినకండి. (మా టెక్సాస్‌లో పదేళ్లు దాటిన గ్రేడ్లను పక్కన పెట్టించుకునే వెసులుబాటు ఉంది. ఇరవై రెండేళ్ల పిల్లకి అదేం పనికొస్తుంది!)

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 120 క్రెడిట్లు, 3.0 జీపీఏ. ఇంకో ఏడాది కూర్చుని 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో 'ఏ' (అంటే 4.0) తెచ్చుకుందనుకుందాం. మొత్తం ఎంతయింది? 3.2. ఏడాది రక్తం ధారపోస్తే 0.2 కదిలింది. ఇక్కడే చాలామంది నీరుగారిపోతారు, "ఇక లాభం లేదు" అంటారు. కానీ అప్లికేషన్‌లో మొత్తం జీపీఏ ఒక్కటే ఉండదు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం విడిగా కనిపిస్తుంది. సైన్సు, లెక్కల జీపీఏ వేరే. డిగ్రీ తర్వాత చదివిన కోర్సులకూ వేరే వరస ఉంటుంది. మొదటి ఏడాది 2.6, చివర్న ఆ వరసలో 4.0 ఉన్న పిల్లనీ, నాలుగేళ్లూ 3.2 దగ్గరే తచ్చాడిన పిల్లనీ చూసేవాళ్లు ఒకే గాటన కట్టరు.

అందుకే ముందు గ్రేడ్లు, తర్వాతే ఎంక్యాట్. మెడిసిన్‌కి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఎస్ఎంపీ (స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్) అనే ఏడాది మాస్టర్స్ కూడా ఉంది. జార్జ్‌టౌన్‌లో అయితే మెడికల్ ఫస్టియర్ వాళ్ల పక్కనే కూర్చుని అవే పాఠాలు వినాలి. అక్కడ నిలబడితే "ఈ పిల్ల మెడిసిన్ చదవగలదు" అనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అక్కడ కూడా 'సీ' గ్రేడ్లొస్తే ఇక మాట్లాడేదేం ఉండదు. పైగా ఆ మార్కులు మాస్టర్స్ ఖాతాలో పడతాయి, డిగ్రీ జీపీఏ అంగుళం కదలదు. కాబట్టి అంతకుముందు రెండు సెమిస్టర్లలో చదువు గాడిన పడకుండా అందులో దూకించకండి.

ఇక కరీబియన్ దీవుల మెడికల్ కాలేజీలు. అక్కడ చదివి ఇక్కడ మంచి డాక్టర్లయిన మనవాళ్లు ఉన్నారు, కాదనను. నాకు చిరాకల్లా "రెండేళ్లు ఆగితే పరువు పోతుంది" అని ఆ జనవరిలోనే విమానం ఎక్కించే తొందర మీదే. మెడిసిన్ ముగించాక ఆసుపత్రుల్లో శిక్షణ (రెసిడెన్సీ) సీట్లు కేటాయించే పద్ధతిని మ్యాచ్ అంటారు. 2024 మ్యాచ్‌లో అమెరికా ఎండీ కాలేజీల ఫైనలియర్ వాళ్లకి 93 శాతం పైగా, డీఓ వాళ్లకి 92 శాతం పైగా రెసిడెన్సీ దొరికింది. విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరులకు 67 శాతమే. అదీ మ్యాచ్ దాకా వచ్చినవాళ్ల లెక్క. దారిలో ఫెయిలయి ఇంటికి తిరిగొచ్చినవాళ్లు ఈ 67లో ఎక్కడా కనిపించరు, వాళ్ల అప్పు మాత్రం ఉంటుంది. కౌన్సెలింగ్ సెమినార్లలో సమోసా పెట్టి చూపించే స్లైడుల్లో ఈ సంగతి నాకెప్పుడూ కనపడలేదు.

అప్పు అంటే గుర్తొచ్చింది. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు. మెడిసిన్‌కి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు, అంతే. ఆ పైన కావాలంటే ప్రైవేటు లోనే, దానికి కో-సైనర్‌గా నాన్న సంతకం. సంతకం పెట్టేముందు అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకుని, ఒక్కో సెమిస్టరూ తనతో కూర్చుని చదవండి. ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో తనని చెప్పనివ్వండి, మధ్యలో అడ్డు రాకుండా.