ఆ ఫార్మాట్ మా దగ్గర ఉండదండి

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఇది రాసేస్తే గానీ అన్నం దిగేలా లేదు.

మా మేనకోడలికి సీయూఈటీలో, అదే సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ఎంట్రన్స్‌లో, మంచి మార్కులొచ్చాయి. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ పొలిటికల్ సైన్స్ చదువుతానంటోంది. అందుకు ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో, క్రీమీ లేయర్ (ఓబీసీల్లో బాగా ఉన్నవాళ్ళు) కాదని రాసి, ఈ ఏడాది తారీఖుతో. దానికోసం ఇవాళ మూడోసారి తిరిగాను. ఏ ఆఫీసో చెప్పను, మీ ఊళ్ళోనూ అలాంటిది ఒకటుంటుంది.

"బీసీ సర్టిఫికెట్ ఉంది కదండీ, మళ్ళీ ఇదెందుకు? ఆ ఫార్మాట్ మా దగ్గర ఉండదు" అన్నాడు బల్ల వెనక కూర్చున్నాయన. ప్రింటు తీసి పట్టుకెళ్ళానుగా, చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఢిల్లీనా? ఆడపిల్లనా? వైజాగ్‌లో కాలేజీలు లేవా?" అన్నాడు.

నేనడిగింది సర్టిఫికెట్. సలహా మాత్రం అప్లికేషన్ లేకుండానే, ఉన్నపళంగా ఇచ్చేశారు. మీసేవలో దానికీ ఒక ఫీజు పెడితే బాగుణ్ణు.

చిన్న ఊరి పిల్లలకి మెరిట్ లేదని టీవీలో చెప్పే పెద్దమనుషులు ఒక్కసారి ఆ బల్ల ముందు నిలబడాలి. 2021లో ఢిల్లీ యూనివర్సిటీలో కొన్ని కాలేజీల కటాఫ్ వందకి వంద. అది అన్యాయమన్నారు, 2022 నుంచి సీయూఈటీ పెట్టారు. ఇప్పుడు అందరూ సమానమట! మావాళ్ళు ఇంటర్లో చదివింది సివిక్స్, అక్కడ పేపరేమో ఎన్‌సీఈఆర్‌టీ, అంటే సీబీఎస్‌ఈ వాళ్ళు చదివే పుస్తకాల, పొలిటికల్ సైన్స్. ప్రశ్నపత్రం తెలుగులో కావాలంటే ఇస్తారు, సంతోషం. చదవాల్సిన పుస్తకం హిందీలో, ఇంగ్లిష్‌లో, ఉర్దూలో ఉంటుంది. అంటే విస్తరి తెలుగులో వేస్తారు, అన్నం మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ఇక మా పిల్ల ఇంటర్ కాలేజీలో ఎంపీసీ వాళ్ళకి ఏసీ గదులు. సీఈసీ వాళ్ళకి సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు. రెండేళ్ళలో సీయూఈటీ అన్న మాట ఒక్క లెక్చరర్ నోట రాలేదు. పిల్ల ఫోన్లో చూసి తెలుసుకుంది. ఆ ఫోన్ ఎక్కువ చూస్తోందని మా అక్క రోజూ తిట్టేది, అది వేరే కథ.

దాని మొదటి ఆప్షన్ ఏంటో తెలుసా? శ్రీ వెంకటేశ్వర కాలేజీ. 1961లో మన తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన కాలేజీ. దగ్గర్లో మెట్రో స్టేషన్‌కి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రాజమండ్రి ఆడపిల్ల! బెనారస్ యూనివర్సిటీ మెట్రిక్ కట్టి పాసైంది, తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిందీ పొలిటికల్ సైన్సే. ఆవిడ అదృష్టం, అప్పటికి ఈ బల్ల వెనక ఈయన లేడు.

అయినా బయటివాళ్ళనేం అంటాం. 1998లో నేను ఢిల్లీలోనే ఉన్న జేఎన్‌యూకి ఎంఏ ఎంట్రన్స్ రాశాను. సీటొచ్చినట్టు ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మాన్ మా చిన్నాన్న కొట్లో ఇచ్చి వెళ్ళాడు. ఆ ఉత్తరం నా చేతికొచ్చేసరికి చేరాల్సిన తారీఖు దాటి తొమ్మిది రోజులు. "ఖాతా పుస్తకంలో ఉండిపోయిందిరా, చూసుకోలేదు" అన్నాడు. అరువు తీసుకున్నవాళ్ళ లెక్క పైసలతో సహా నోటికి చెప్పే మనిషి, రోజుకి పదిసార్లు ఆ పుస్తకం తిరగేసే మనిషి, చూసుకోలేదట. ఆ ఏడే నన్ను బీఈడీలో చేర్పించాడు, తన పలుకుబడితో. ఆ మాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాడు.

అదే చిన్నాన్న, పోయినేడు మనవణ్ణి నోయిడాలో ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చి వీధంతా స్వీట్లు పంచాడు. లక్షలు కట్టి వెళ్తే నోయిడా పక్కూరు. మార్కులతో వెళ్తే ఢిల్లీ దూరాభారం.

ఇది రాస్తుండగానే ఆయన ఫోన్. ఎవరు మోశారో వార్త! "ఒరే, ఆడపిల్ల, అంత దూరం..." అని మొదలెట్టాడు. "చిన్నాన్నా, ఆ ఖాతా పుస్తకం ఇంకా ఉందా?" అన్నాను.

సిగ్నల్ సరిగ్గా లేదట, మళ్ళీ చేస్తానన్నాడు.