భర్తకి పీఆర్, భార్యాబిడ్డలకి మాత్రం పదేళ్ల వెయిటింగా?

బ్రిటన్ వాళ్లు వీసా ఇచ్చినప్పుడు ఐదేళ్లుంటే పీఆర్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండే హక్కు, ఇస్తామన్నారు. ఆ మాట నమ్మే కదా ఇక్కడ జీడితోట కుదువపెట్టి, బంగారం బ్యాంకులో పెట్టి మనోళ్లు బ్రిటన్ వెళ్లారు. తీరా నాలుగో ఏడు నడుస్తుంటే ఐదు కాదు పదేళ్లు అంటే దాన్ని ఏమంటారండీ? మోసం అంటే బ్రిటిష్ హైకమిషన్ వాళ్లకి కోపం రావొచ్చు గానీ, ఇంకో మాట మాకు దొరకట్లేదు.

పీఆర్‌కి ఐదేళ్లని పదేళ్లు చేస్తామని నవంబరు 2025లో అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రతిపాదన సంగతి మన పాఠకులకి తెలిసిందే, సగం ఇళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో అదే గొడవ. మేం అడిగేది అందులో ఒక్క ముక్క గురించి. ఇప్పటికే అక్కడుండి ఇంకా పీఆర్ రానివాళ్లకి కూడా కొత్త రూలే అంట, డిపెండెంట్ల, అంటే తోడు వెళ్లిన భార్యాబిడ్డల లెక్క కూడా వేరేగా చూస్తారంట.

దీని దెబ్బ ఎవరికి తగుల్తుందో చూడండి. నరసన్నపేట నించి ఒకాయన ముందు వెళ్లాడు అనుకుందాం, భార్యనీ పాపనీ రెండేళ్లాగి తీసుకెళ్లాడు, అందరూ చేసేది అదేగా. ఆయనకి పీఆర్ వచ్చేసింది, భార్య లెక్క మాత్రం ఆవిడ దిగిన రోజు నించే, పాపకైతే అమ్మానాన్నలిద్దరికీ వస్తే గానీ రాదు, అంటే ఇంటాయన సెటిల్డ్, ఇల్లాలూ పిల్లా వీసా ఎక్స్‌టెన్షన్ల మీదే బతకాలి. ఇంకా విచిత్రం ఏంటంటే, తండ్రికి పీఆర్ వచ్చాక అక్కడ తమ్ముడు పుట్టాడనుకోండి, వాడు పుట్టుకతోనే బ్రిటిష్ సిటిజన్. శ్రీకాకుళంలో పుట్టిన అక్కేమో వీసా తీరిపోతుందని తేదీలు లెక్కపెట్టుకోవాలి. ఒకే తల్లి పిల్లలు! ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్తే ఈ పదేళ్ల లెక్కలో పద్దెనిమిది నిండిపోతాయి.

పోనీ ఊరికే ఉంచుకుంటున్నారా అంటే అదీ కాదు. మూడేళ్ల ఎక్స్‌టెన్షన్‌కి అక్కడి సర్కారీ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జే పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776, తల్లీబిడ్డలకి కలిపి 5,433 పౌండ్లు, మన డబ్బుల్లో ఆరు లక్షలు దాటిపోతుంది, అదీ ముందే మొత్తం కట్టాలి. వీసా ఫీజు వేరు. జీతంలో ట్యాక్సూ, నేషనల్ ఇన్సూరెన్స్ అని పెన్షన్ వగైరాలకి పట్టేదీ కోసుకున్నాక మళ్లీ ఇది. డబ్బు తీసుకునేటప్పుడు వీళ్లు తాత్కాలికం అని ఎవరికీ గుర్తురాదు.

ఎవరి దేశంలో ఎవర్ని ఉంచుకోవాలో వాళ్లిష్టం, వలసలు ఎక్కువయ్యాయని అక్కడి జనం గోల పెడుతున్నారు అంటారు. సరే, ఒప్పుకుంటాం. రేపట్నించి కొత్తగా వచ్చేవాళ్లకి పదేళ్లు పెట్టుకోండి, ఇరవై పెట్టుకోండి, ఇష్టమున్నవాడు వస్తాడు లేనివాడు మానేస్తాడు. బస్సు సగం దూరం వెళ్లాక టికెట్ రేటు మార్చడమే తప్పంటున్నాం.

ఇది కొత్తగా చేసిన పనేం కాదు. 2006లో కూడా పీఆర్‌కి నాలుగేళ్లని ఐదేళ్లు చేసి, అప్పటికే హెచ్‌ఎస్‌ఎంపీ అనే, పెద్ద చదువూ నైపుణ్యం ఉన్నవాళ్లకిచ్చే వీసా మీద ఉన్నవాళ్ల నెత్తిన కూడా రుద్దారు. ఆ వీసా వాళ్లు కోర్టుకెళ్తే 2009లో లండన్ హైకోర్టు అలా మార్చడం కుదరదని ప్రభుత్వానికి చెప్పింది, అంతకు ముందు ఏడాది వాళ్ల వీసా ఎక్స్‌టెన్షన్ రూల్స్ కేసులో కూడా అదే తీర్పు వచ్చింది. సొంత కోర్టు రెండుసార్లు మొట్టికాయ వేసినా మళ్లీ అదే పని. ఈసారి దీన్ని ఊరుకుంటే రేపు పదిని పదిహేను చేస్తారు, చేయరని గ్యారంటీ ఎవరిస్తారు? వాళ్లని చూసి ఇంకో దేశం కూడా మొదలెడుతుంది.

మన ఢిల్లీ పెద్దల సంగతి ఇంకా బాగుంది. జులై 2025లో బ్రిటన్‌తో ట్రేడ్ డీల్ మీద సంతకాలు పెట్టి పండగ చేసుకున్నారు. స్కాచ్ విస్కీ మీద సుంకం 150 శాతం నించి 75కి, ఆ తర్వాత పదేళ్లలో 40కి తగ్గాలని కాగితం మీద రాసుకున్నారు. విస్కీకి కూడా పదేళ్లే, కాకపోతే ఆ పదేళ్లు మధ్యలో మారవు. కంపెనీలు పంపే ఉద్యోగులకి మూడేళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ మినహాయింపు కూడా తెచ్చారు, బాగానే ఉంది, మరి అక్కడే సంసారం పెట్టుకున్నవాడి భార్యాబిడ్డల మాట ఎవరైనా ఎత్తారా? సీసాకి ఇచ్చిన భరోసా ఇల్లాలికి ఇప్పించలేకపోయారు.

తిత్లీ తుఫానులో కొబ్బరిచెట్లు పడిపోయాక మన శ్రీకాకుళం ఉద్దానం కుర్రాళ్లు వలస తప్ప దారిలేక బయటికెళ్తుంటే, వెళ్లినవాళ్లు పంపిన డబ్బుతో ఊళ్లు లేస్తున్నాయని మన లీడర్లే మైకుల్లో చెప్పుకున్నారు. లండన్ వెళ్లి ఎన్నారై మీటింగుల్లో శాలువాలు కప్పించుకుని సెల్ఫీలు దిగింది కూడా వీళ్లే. భోగాపురం ఎయిర్‌పోర్టు గురించి రోజూ పోస్టులు పెట్టే టైముంది గానీ, ఉత్తరాంధ్ర ఎంపీలంతా కలిసి విదేశాంగ శాఖకి ఒక లెటర్ రాయడానికి టైం లేదా? పాతవాళ్లకి పాత రూలే ఉంచమని అడగడానికి కూడా నోరు రాకపోతే, వచ్చే ఎన్నికలకి ఎన్నారై చందాలు అడగడానికి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేస్తారు?