నాలుగు డిగ్రీల ఆకాశం

ఎగిరే పక్షిని గట్టు మీద ఉన్నవారందరూ చూస్తుండగా, దాన్ని చూడటానికే లక్ష రూపాయలు పోసి లెన్సు కొన్న మనిషికి మాత్రం అది కనబడకపోవడమనే వింతను, మా బావమరిది పుణ్యమా అని, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో కళ్లారా చూశాను. ఆ ఊరి చెరువులోని చెట్ల మీద పెలికాన్లనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకొని, ఊరివాళ్లెవరూ తమ జోలికి రారన్న ధీమాతో మనుషుల తలల మీదుగానే రాకపోకలు సాగిస్తుంటాయి. పక్షులు లేవన్న సాకు అక్కడ ఎవరికీ చెల్లదు.

లెన్సు 150–600 మిల్లీమీటర్లది. బరువు సుమారు 2 కిలోలు. దాన్ని ట్రైపాడ్ మీద పెట్టి తీయడం చేతకానివాళ్ల పని అని మావాడి సిద్ధాంతం. జూమ్‌ను 600 దాకా లాగితే ఆ లెన్సుకు కనబడే ఆకాశం మూల నుంచి మూలకు కొలిచినా 4 డిగ్రీలే. చెయ్యి చాచి రెండు వేళ్లు నిలబెడితే ఇంచుమించు వాటి చాటున దాగిపోతుంది. రెక్కలు చాపితే 2 మీటర్లు దాటే గూడబాతైనా అందులోకి తనంతట తాను రాదు. షట్టరు వేగం సెకనులో 2000వ వంతు పెడితే చేతుల వణుకు బొమ్మలో తెలియదు గాని, లేని పక్షిని తెచ్చి బొమ్మలో కూర్చోబెట్టే మీట ఏ కెమెరాకూ లేదు.

“బావగారూ, ఎక్కడుందండీ?”

“కుడివైపు.”

“మీ కుడా, నా కుడా?”

ఈ విచారణ ముగిసేలోగా పక్షి చెరువు దాటేది. ఒకవేళ దొరికినా, ఆటోఫోకస్ దాన్ని వదిలేసి వెనకాల కొమ్మలను పట్టుకొనేది. గట్టు మీద చుట్ట కాలుస్తున్న పెద్దాయన కాసేపు ఓర్చుకొని, “ముందు ఆ గొట్టం దించి చూడు బాబూ, కనపడుద్ది. గాలికి ఎదురు లేస్తాయి, అటు నిలబడు,” అన్నాడు. ఆనాడు మాకు అందిన సాంకేతిక సలహాల్లో సరైనది అదొక్కటే కాబట్టి మావాడు దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడొక గూడబాతు రెండు కాళ్లనూ కలిపి నీటిని తన్నుకుంటూ, నాలుగైదు గంతులు వేసి, ఒళ్లు బరువుగా పైకి లేచింది. అదృష్టవశాత్తూ అది లెన్సులో చిక్కింది. దాన్ని వదలకూడదన్న పట్టుదలతో మావాడు మీట నొక్కిపట్టి, పక్షితో పాటు తలెత్తుతూ, వెనక్కి వంగుతూ, అడుగు వెనక అడుగు వేస్తూ, గట్టు వాలున ఎవరో ఎండబెట్టుకొన్న పిడకల మీద కూలబడ్డాడు. పడుతున్నంతసేపూ కెమెరా టకటకమంటూనే ఉంది.

తరువాత చూస్తే మొదటి బొమ్మలో తోక కొస, ఆపైన వరుసగా ఖాళీ ఆకాశం, ఆ తరువాత మచ్చుకైనా మసక లేని కరెంటు తీగ ఉన్నాయి. చివరిదానిలో, కళ్లను వెతికి పట్టుకొనే ఆ కెమెరా గొప్పతనమంతా వెల్లడయ్యేలా, పిడకల యజమానురాలి ఎర్రబడిన కన్ను ఒక్కొక్క వెంట్రుకతో సహా పడింది.

ఆవిడ విరిగిన పిడకలను ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ లెక్క కడుతుండగా, గూడబాతులు ఒకదాని వెనక ఒకటి మా నెత్తి మీదుగా వెళ్లాయి. మావాడు చిల్లర కోసం జేబులు తడుముకుంటూనే, “బావగారూ, ఎటువైపండీ?” అన్నాడు.