దాచినా ముప్పే, కాల్చినా ముప్పే

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కాక విమానాశ్రయం దగ్గర ఏం జరిగిందో అందరం టీవీల్లో చూశాం. అదే వారం ఆ ఊళ్లో చాలా ఇళ్లలో కాగితాలు తగలబెట్టారు. అమెరికా సైన్యానికి దుబాసీగా పనిచేసినట్టు ఇచ్చిన సర్టిఫికెట్లు, మెచ్చుకోలు పత్రాలు, అధికారులతో దిగిన ఫొటోలు. తాలిబన్లకు దొరికితే ప్రాణం తీసేవి అవే. అమెరికా వీసా కావాలంటే చూపించాల్సినవీ అవే.

తమకు సాయపడ్డ అఫ్గాన్ల కోసం అమెరికా 2009లో ప్రత్యేక వీసా చట్టం చేసింది. పనిచేసిన సంస్థ నుంచి ఉద్యోగ ధ్రువపత్రం, పై అధికారి నుంచి సిఫారసు లేఖ తేవాలి. తొమ్మిది నెలల్లో తేల్చాలని తర్వాత చట్టంలోనే రాసుకున్నారు, ఏళ్లు పట్టించారు. ఇంత జాప్యం సమంజసం కాదని 2019లో అక్కడి కోర్టే చెప్పింది.

ఇంట్లో హెచ్1బీ పిల్లలున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మూతపడ్డ కన్సల్టెన్సీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ తెమ్మంటే ఎంత టెన్షన్! అలాంటిది, ఆ లెటర్ ఇవ్వాల్సిన మనిషి డ్యూటీ ముగించుకుని ఎప్పుడో టెక్సాస్ వెళ్లిపోయిన సార్జెంటు, అడగాల్సినవాడు కాందహార్‌లో తలదాచుకున్నవాడు అయితే?

అసలు ఆ లెటర్ ఎందుకు? శిబిరం గేటు దాటనివ్వడానికి వేలిముద్రలు, కంటిపాపలు తీసుకుంది సైన్యమే. ఆ యంత్రాల్లో కొన్ని తాలిబన్లకు చిక్కినట్టు కూడా వార్తలొచ్చాయి. అంటే దుబాసీ ఎవరో పనిచేయించుకున్నవాళ్లకు తెలుసు, చంపాలనుకున్నవాళ్లకూ తెలిసే వీలుంది. వీసా కౌంటర్‌కే తెలియదట! రుజువు తెచ్చే బాధ్యత సైన్యానిదే కావాలి. పనిలో చేరిన రోజే పేరు రాసి, వెళ్లిపోయే ముందే వీసా చేతిలో పెట్టాలి.

భద్రత మాటేమిటని అడుగుతారు. 2025 నవంబరులో వాషింగ్టన్‌లో ఒక అఫ్గాన్ కాల్పులు జరిపాక అఫ్గాన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లందరికీ అమెరికా వీసాలు ఆపేసింది. తనిఖీ వద్దని ఎవరూ అనడం లేదు. కానీ గస్తీలో పక్కన నడిపించుకున్నన్నాళ్లు నమ్మకస్తుడైన మనిషి, ఇంకెవడో చేసిన నేరానికి ఎలా అనుమానితుడయ్యాడు?

బ్రిటన్ నిర్వాకం ఇంకో రకం. ఆశ్రయం కోరిన దాదాపు 19 వేల మంది అఫ్గాన్ల వివరాలున్న జాబితా 2022 ఫిబ్రవరిలో రక్షణ శాఖ నుంచే బయటికి పొక్కింది. కోర్టు ఉత్తర్వు అడ్డుపెట్టుకుని 2025 జులై దాకా ఆ సంగతి జనానికి తెలియనివ్వలేదు.

నా దృష్టిలో ఇదంతా యుద్ధం తెచ్చిన జబ్బు కాదు, కాంట్రాక్టు జబ్బు. చాలామంది దుబాసీలు సైన్యం రోల్స్‌లో లేరు, మధ్యలో ఓ కంపెనీ ఉంది. మద్రాసులో దొరల దగ్గర చేసిన దుబాసీలు మేడలు కట్టారు. వీళ్లకు చివరికి ఉద్యోగం చేసినట్టు కాగితమూ మిగల్లేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని మన దేశంలో 1970లోనే చట్టం రాసుకున్నాం. ప్రాణానికి అదే సూత్రం ఎందుకు వర్తించకూడదు? అయినా రాసుకున్నంత మాత్రాన మనం మాత్రం ఏం ఉద్ధరించాం? ఏజెన్సీ మారినప్పుడల్లా పాత పీఎఫ్ లెక్క కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుడికి ఏ కౌంటర్‌లో అడిగినా ఒకటే జవాబు: నువ్వు మా మనిషివి కాదు.