ఓనరుకి తప్ప అందరికీ ప్రవేశం

లోకంలో ఇన్ని భద్రతా వ్యవస్థలున్నాయి గదా, అవన్నీ కలిసి ఒక్కసారి కూడా గురి తప్పకుండా ఆపగలుగుతున్నది ఒకే ఒక్క మనిషిని. ఆ అకౌంట్ ఓనర్ని. దొంగ సంగతి వేరు. అతనికి సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపిక ఉంది, తెల్లవార్లూ టైముంది. ఓనరు చేతిలో ఉన్నది "మొన్నటిదాకా ఇదే పనిచేసిందే" అనే మాట ఒక్కటే. పాస్‌వర్డ్ నాలుగైదుసార్లు తప్పు కొట్టేసరికి తలుపు మూసేసి, పైగా "మీ భద్రత కోసమే" అంటారు. మన ఇంట్లోకి మనల్ని రానివ్వకపోవడం మన మేలు కోసమేనన్న ఈ సిద్ధాంతం మీద లోతైన చర్చ జరగాలి. ఎవరూ పూనుకోవడం లేదు కాబట్టి ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

ముందుగా సేవ్ చేయడమనే ఘట్టం. కొత్త యాప్‌లో అకౌంట్ తెరుస్తాం. పాస్‌వర్డ్ కొట్టీ కొట్టగానే స్క్రీన్ అడుగు నుంచి ఒక చిన్న పెట్టె లేచి, సేవ్ చేయాలా అని అడుగుతుంది. జవాబిచ్చేది మనం కాదు, మన బొటనవేలు. విషయం బుర్రకి చేరేలోపే అది నొక్కేసి పక్కకి తప్పుకుంటుంది. పాస్‌వర్డ్ ఏ అకౌంట్‌లోకి వెళ్తోందో అదే పెట్టెలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. దాన్ని చదివిన మనిషి ఇంతవరకు నాకు తారసపడలేదు. ఆ క్షణంతో ఆ పాస్‌వర్డ్‌కీ మనకీ రుణం తీరిపోయినట్టే. మళ్ళీ అవసరం పడేది ఫోన్ మార్చినప్పుడో, అదే సైట్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడో. "అదా, ఫోన్‌లో ఉంది" అంటాం ధీమాగా. "ఫోన్‌లో ఎక్కడ?" అంటే ఆకాశం వైపు చూస్తాం. క్లౌడ్ అని వినివున్నాం కాబట్టి ఆ చూపు కూడా పూర్తిగా తప్పు కాదు.

నిజానికి ఉన్న చోటు పెద్ద రహస్యమేమీ కాదు. ఆండ్రాయిడ్ వాడేవాళ్లలో చాలామందివి గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంటాయి. క్రోమ్ తెరిచి మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్తే దొరుకుతుంది. ఐఫోన్‌లో ఇదివరకు సెట్టింగ్స్‌లోనే ఉండేవి, 2024లో ఐఓఎస్ 18తో వాటికి పాస్‌వర్డ్స్ అని విడిగా ఒక యాప్ వచ్చింది. ఇవేవీ గుర్తులేకపోతే సెట్టింగ్స్ పైనుండే సెర్చ్‌లో పాస్‌వర్డ్ అని కొట్టినా చాలు. ఇంత సులువుగా చెప్పేస్తే వ్యాసం గౌరవం ఏమైపోతుందోనని కాస్త సంశయించాను కూడా.

అయితే అసలు చిక్కు లోపలికి వెళ్లాకే మొదలవుతుంది. ఖజానా ఒక్కటి కాదు. బ్రౌజర్‌ది ఒకటి, ఫోన్ కంపెనీది ఒకటి, ఎవరో మంచిదన్నారని ఎప్పుడో వేసుకున్న మూడో యాప్‌ది ఒకటి. మన రహస్యాలు ఈ మూడింటి మధ్యా పంపకాలు జరిగిపోయి ఉంటాయి, మన సంతకం లేకుండా. సరే, వాటిలో ఒకటి తెరిచాం. కావలసిన సైట్ పేరు కనబడింది. దాని కింద మూడు వరసలు. ఒకదానికి ఈమెయిల్ ఉంది. ఇంకోదానికి ఎప్పుడో వదిలేసిన పాత ఫోన్ నంబరుంది. మూడోదానికి యూజర్‌నేమ్ చోట ఏమీ లేదు, పాస్‌వర్డ్ మాత్రం చుక్కల చాటున భద్రంగా ఉంది. ఎవరిదో తెలియని తాళంచెవిని కూడా పోగొట్టకుండా కాపాడుతున్నందుకు మేనేజర్‌ని మెచ్చుకోవాలి. మూడూ కొట్టి చూస్తాం. మూడూ పనిచేయవు. ఎందుకంటే పనిచేసేది నాలుగోది. అది మార్చిన రోజున పెట్టె లేచి అడిగితే, మన బొటనవేలు ఆ రోజు ఏ మూడ్‌లో ఉందో, "ఎప్పటికీ వద్దు" అని నొక్కింది. పాస్‌వర్డ్ దాచని ఫోన్, మనం వద్దన్న విషయాన్ని మాత్రం శ్రద్ధగా దాచింది. అలా వద్దన్న సైట్లకి సెట్టింగ్స్‌లో ప్రత్యేకంగా ఒక జాబితా కూడా ఉంటుంది, వెళ్లి చూసుకోవచ్చు.

ఇక చుక్కల చాటు నుంచి పాస్‌వర్డ్ బయటికి రావాలంటే కన్ను బొమ్మ నొక్కాలి. నొక్కగానే ఫోన్ ఒక్కసారిగా గంభీరమైపోయి మీరేనా అని నిలదీస్తుంది. వేలిముద్ర పెట్టాలి, లేదా స్క్రీన్ లాక్ పిన్ కొట్టాలి. ఆ రెండో మాట దగ్గర కాస్త ఆగుదాం. లోపలున్నవి ఎలాంటివి? పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు, అన్నీ కలిపి పొడుగ్గా తయారైన వీరులు. కాపలా ఉన్నది నాలుగంకెల పిన్. నాలుగంకెలతో ఎన్ని రకాలుగా పెట్టినా వచ్చేవి 10,000 పిన్‌లే. వాటిలో ఎక్కువమందికి నచ్చేవి ఒకటి నుంచి వరసగా నాలుగంకెలో, పుట్టిన సంవత్సరమో. పిల్లలకి ఆట ఆడుకోవడానికి పిన్ కావాలి, వాళ్లకి తెలుసు. ఫొటోలు చూడ్డానికి వచ్చిన చుట్టాలకి తెలుసు. బస్సులో మన పక్కన కూర్చున్నాయనకి మనం రెండుసార్లు చూపించాం. దొంగలు కూడా ఇంతే. పిన్ కొడుతుండగా భుజం మీంచి చూసి, తర్వాత ఫోన్ లాక్కుపోతారు. ఈ బాధ పడలేకే 2024 జనవరిలో ఆపిల్ ఒక కొత్త ఏర్పాటు తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే, అలవాటైన చోట్లకి దూరంగా ఉన్నప్పుడు దాచిన పాస్‌వర్డ్‌లు చూడాలంటే పాస్‌కోడ్ చెల్లదు, మొహమో వేలిముద్రో కావాల్సిందే. నా మటుకు నాకు ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటే. వ్యంగ్యానికి ఏమాత్రం సహకరించడం లేదు.

బయటికొచ్చిన పాస్‌వర్డ్‌ని ఇంకొకరికి చేరవేయడం విడిగా ఒక శాస్త్రం. పంచుకోవడానికి మేనేజర్‌లోనే పద్ధతులున్నాయి గానీ, పెద్దవాళ్లకి నమ్మకం నోటిమాట మీదే.

"చెప్పు నాన్నా, రాసుకుంటున్నా."

"పెద్ద కే. చిన్న ఎల్. తర్వాత సున్నా."

"సున్నానా, ఓనా?"

"సున్నా పిన్నీ. దాని తర్వాత పెద్ద ఓ."

"ఇందాక సున్నా అన్నావుగా?"

"అది సున్నానే. ఇది ఓ."

"రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదరా! ఆ చిన్న ఎల్ కూడా నాకు ఒకటి లాగే ఉంది."

పదహారో అక్షరం దగ్గరికొచ్చేసరికి ఇటు ఉన్నవాళ్లకీ అటు ఉన్నవాళ్లకీ, ఇంకా వరండాలో ఉన్నవాళ్లకీ అది కంఠస్థం. పిన్నికి మాత్రం "తప్పు పాస్‌వర్డ్" అని వస్తుంది.

ఇంత క్లిష్టంగా ఎందుకు పెట్టమన్నారు? దీనికి కారకుడున్నాడు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన బిల్ బర్ 2003లో ఒక మార్గదర్శక పత్రం రాశాడు. పెద్దక్షరాలు, అంకెలు, గుర్తులు కలపాలనీ, తరచూ మారుస్తుండాలనీ లోకానికి పట్టుకున్న ఆచారం చాలావరకు అక్కడినుంచి వచ్చిందే. జనం భక్తితో పాటించారు. ఎలాగంటే, మొదటి అక్షరం పెద్దది చేసి, చివర ఒక అంకె, ఒక గుర్తు తగిలించారు. మార్చమన్నప్పుడల్లా ఆ అంకెని ఒకటి పెంచారు. అది జనానికి ఎంత సులువో, హ్యాకర్లకీ అంతే సులువు. 2017లో అదే సంస్థ నియమాలు తిరగరాసి, ఈ మిశ్రమాలు బలవంతంగా రుద్దొద్దు, లీకైన ఆధారం లేకుండా గడువు పెట్టి మార్పించొద్దు అంది. తాను రాసినవాటిలో చాలావాటికి బర్ కూడా అదే ఏడాది పత్రికాముఖంగా విచారం వెలిబుచ్చాడు. ఆ సంగతి మన చేత మూడు నెలలకోసారి మార్పిస్తున్న ఆఫీసు కంప్యూటర్లకి ఇంకా అందినట్టు లేదు.

అసలు పాస్‌వర్డ్‌కే మూల పురుషుడైనవాడి కథ ఇంకా బాగుంటుంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒకే కంప్యూటర్‌ని చాలామంది వాడుకునే వ్యవస్థకి పాస్‌వర్డ్ పెట్టించినవాడు ఫెర్నాండో కోర్బాటో. 1962లో అక్కడి పరిశోధకుడు అలన్ షెర్, తనకిచ్చిన కంప్యూటర్ టైము చాలడం లేదని, ఇతరుల అకౌంట్లు వాడుకుందామని పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తాన్ని ప్రింట్ తీయించుకున్నాడు. 1966లో పొరపాటున ఆ ఫైలు స్వాగత సందేశం స్థానంలోకి వచ్చి, లాగిన్ అయిన ప్రతివాళ్లకీ అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి. పుట్టి పట్టుమని పదేళ్లు నిండకముందే పాస్‌వర్డ్ చూడాల్సిన లోకమంతా చూసేసింది. వృద్ధాప్యంలో కోర్బాటో స్వయంగా ఒప్పుకున్నాడు, తన పాస్‌వర్డ్‌లన్నీ మూడు పేజీల కాగితాల మీద టైప్ చేసి పెట్టుకున్నానని. అందుచేత ఇంట్లో నోటుబుక్కులో రాసుకునే పెద్దాయన్ని చూసి ఎవరూ నవ్వకండి. అది సంప్రదాయం. పైగా అన్ని సైట్లకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కంటే బీరువాలో ఉన్న ఆ నోటుబుక్కు ఎన్నో రెట్లు నయం. ఇది మాత్రం సీరియస్‌గానే అంటున్నాను.

ఫోన్‌లోనే దాచుకునే ఇతర సంప్రదాయాల గురించి అంత మంచి మాట చెప్పలేను. కాంటాక్ట్స్‌లో "మెయిల్ కొత్తది" అనే పేరుతో నంబరు చోట పాస్‌వర్డ్ రాసుకునేవాళ్లున్నారు. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టేవాళ్లున్నారు. వేరే మేనేజర్‌కి మారదామని మొత్తం జాబితాని ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసినవాళ్లు మరీ ధైర్యవంతులు. ఆ ఫైలుకి చుక్కలుండవు, కన్ను బొమ్మ ఉండదు, ఎవరు తెరిచినా పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో వరసగా కనిపిస్తాయి. పని కాగానే చెరిపేయాలి. అది డౌన్‌లోడ్స్‌లో, పెళ్లి శుభలేఖ పీడీఎఫ్ పక్కన, ఏళ్ల తరబడి హాయిగా ఉంటుంది.

మేనేజర్‌లో చెకప్ అని ఒకటుంటుంది. నొక్కితే ఎర్రగా చూపిస్తుంది: ఇన్ని పాస్‌వర్డ్‌లు లీకయ్యాయి, ఇన్ని బలహీనం, ఇన్ని మళ్ళీ మళ్ళీ వాడినవి. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ ముసుగూ లేకుండా బయటపడినప్పుడు, ఎక్కువమంది పెట్టుకున్నది ఒకటి నుంచి ఆరు వరకు వరస అంకెలని తేలింది. ఈ ఎర్ర హెచ్చరిక చూసి టెన్షన్ పడాలి, ఆ పాస్‌వర్డ్ మార్చాలి. కానీ చాలామందికి ముందు కలిగేది ఊరట. మనకి గుర్తులేకపోతేనేం, ఎవరో ఒకరి దగ్గర భద్రంగా ఉంది.

ఇప్పుడు పాస్‌కీలు వచ్చాయి. పాస్‌వర్డ్ అంటూ ఉండదు, రహస్యమైన తాళం మన ఫోన్‌లోనో మేనేజర్‌లోనో ఉంటుంది, సైట్ దగ్గర దాని జత ఉంటుంది, మనం వేలు పెడితే చాలు. దొంగ సైట్‌లో పొరపాటున కొట్టేయడానికి కూడా ఏమీ ఉండదు. మంచిదే. ఫోన్ తెరిచే పిన్ మాత్రం అలాగే ఉంది. పిల్లలకి అదీ తెలుసు.

చివరికి మిగిలింది మన తర్వాతి సంగతి. ఎంచుకున్న గడువు దాటి అకౌంట్‌లో అలికిడి లేకపోతే మనం చెప్పినవాళ్లకి కబురు పంపేలా గూగుల్‌లో ముందే పెట్టుకోవచ్చు. ఆ గడువు 3 నెలల నుంచి 18 నెలల దాకా. అంటే పాస్‌వర్డ్ మర్చిపోయి 3 నెలలు బయట నిలబడ్డవాడికీ, పోయినవాడికీ వ్యవస్థ దృష్టిలో తేడా లేదు. ఆపిల్‌లో అయితే బతికుండగానే ఒక వారసుణ్ణి ఎంచుకోవచ్చు. మనం పోయాక ఆ వారసుడు తన దగ్గరున్న కీ, మన మరణ ధ్రువపత్రం చూపిస్తే ఫొటోలు, నోట్స్, ఫైళ్లు ఇస్తారు. దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం ఇవ్వరు.